మూత్రపిండాల జబ్బు మధ్య దశ: ఇంట్లో జాగ్రత్తలు, నిపుణుల వైద్యం – సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఒక కరదీపిక

జ్వరానికో, నడుము నొప్పికో ఆసుపత్రికి వెళ్ళిన మనిషి చేతికి ఒక రక్తపరీక్ష చీటీ వస్తుంది. అందులో 'సీరం క్రియాటినిన్' అన్న మాట, దాని ఎదుట 1.6 అనో 1.9 అనో ఒక అంకె ఉంటాయి. "కిడ్నీలు కొంచెం దెబ్బతిన్నాయి, పెద్దాసుపత్రిలో చూపించుకోండి" అని ఒక్క మాట చెప్పి పంపిస్తారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు. కొందరు మర్నాడే ఉన్న బంగారం కుదువపెట్టి దూరపు పట్టణానికి పరుగెత్తుతారు. మరికొందరు "ఒంట్లో బాగానే ఉంది కదా" అని చీటీని సూరులో దోపి మరచిపోతారు. ఈ రెండూ పొరపాట్లే. మధ్య దశలో ఉన్న మూత్రపిండాల జబ్బు భయపడి పరుగెత్తవలసినది కాదు, మరచి ఊరుకోదగినది అంతకన్నా కాదు. ఏళ్ళ తరబడి ఓపికగా కాచుకోవలసిన జబ్బు ఇది.

ఒడిశా, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలలోను, యానాంలోను తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇందులో మరొక చిక్కు ఉంది. ఉండేది ఒక రాష్ట్రం, దగ్గరి పెద్దాసుపత్రి మరొక రాష్ట్రం. ఇంట్లో ఒక భాష, ఆసుపత్రిలో మరొక భాష. అందువల్ల జబ్బు సంగతితోపాటు వైద్యం ఎక్కడ, ఎలా పొందాలో కూడా ఇక్కడ వివరిస్తున్నాము.

మధ్య దశ అంటే ఏమిటి?

మూత్రపిండాలు రోజంతా రక్తాన్ని వడపోస్తుంటాయి. నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్ల రక్తరసం వడపోత అవుతున్నదో లెక్కకట్టి చెప్పే అంకెను వైద్యులు 'ఇ.జి.ఎఫ్.ఆర్.' అంటారు. ఆరోగ్యవంతులైన యువకులలో ఇది 90కి పైన ఉంటుంది. వయసుతోపాటు కొంత తగ్గడం సహజం. ఈ అంకె 60కన్నా తక్కువై, మూడు నెలలు లేదా అంతకుమించి అలాగే ఉంటే దానిని దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బుగా పరిగణిస్తారు. అంకె 60కి పైన ఉన్నా, మూత్రంలో ప్రోటీను పోతూ ఉంటే అదీ జబ్బే.

జబ్బును ఐదు దశలుగా విభజించారు. 30 నుంచి 59 వరకు మూడవ దశ. దీనినే మధ్య దశ అంటున్నాము. ఇందులో 45 నుంచి 59 వరకు '3ఎ' అని, 30 నుంచి 44 వరకు '3బి' అని రెండు భాగాలు. 15 నుంచి 29 వరకు నాలుగవ దశ, 15కన్నా తక్కువైతే ఐదవ దశ. డయాలసిస్ మాట సాధారణంగా ఐదవ దశలోనే వస్తుంది.

మూడు నెలల నిబంధనను గుర్తుంచుకోవాలి. వాంతులు, విరేచనాలు అయినప్పుడు, ఎండదెబ్బ తగిలినప్పుడు, జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు, నొప్పి మాత్రలు వాడినప్పుడు క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగవచ్చు. అందుచేత ఒక్క చీటీ చూసి శాశ్వతమైన జబ్బు అని తీర్మానించుకోకూడదు. కొద్ది రోజులలో ఒకసారి, మూడు నెలలు నిండాక మరొకసారి పరీక్ష చేయించుకున్న తరువాతనే నిజం తెలుస్తుంది. అయితే అంకె బాగా ఎక్కువగా ఉన్నా, వేగంగా పెరుగుతున్నా మూడు నెలలు ఆగరాదు.

ఒకటే అంకె, వేరు వేరు అర్థాలు

క్రియాటినిన్ కండరాల నుంచి పుట్టే వ్యర్థ పదార్థం. కండపుష్టి ఎక్కువ ఉన్నవారిలో ఎక్కువగా, బక్కపలచని వారిలో తక్కువగా ఉంటుంది. కాబట్టి వయసు, స్త్రీ పురుష భేదం చూడకుండా ఆ అంకెకు అర్థం చెప్పలేము.

ఉదాహరణకు క్రియాటినిన్ 1.6 ఉన్న ముగ్గురిని తీసుకుందాం. 2021లో సవరించిన లెక్క ప్రకారం 50 ఏళ్ళ పురుషునికి ఇ.జి.ఎఫ్.ఆర్. సుమారు 52 వస్తుంది. అది 3ఎ దశ. 70 ఏళ్ళ పురుషునికి సుమారు 46 వస్తుంది. అదే 50 ఏళ్ళ స్త్రీకి సుమారు 39 మాత్రమే. అది 3బి దశ. అలాగే 55 ఏళ్ళ స్త్రీకి క్రియాటినిన్ 1.3 ఉంటే "కొంచెమే కదా ఎక్కువ" అనుకుంటారు. నిజానికి ఆమె ఇ.జి.ఎఫ్.ఆర్. 49 దగ్గర ఉంటుంది. ఇంటి స్త్రీల జబ్బు ఆలస్యంగా బయటపడడానికి ఈ అపోహ కూడా ఒక కారణం. చీటీలో ఇ.జి.ఎఫ్.ఆర్. లేకపోతే లెక్కకట్టి రాయమని వైద్యుని అడగవచ్చు.

మధ్య దశలో చాలామందికి బాధ ఏమీ తెలియదు. కొందరికి రాత్రిపూట రెండు మూడుసార్లు మూత్రానికి లేవవలసి రావడం, మూత్రంలో నురగ నిలిచి ఉండడం, సాయంత్రానికి పాదాలు ఉబ్బడం, త్వరగా అలసిపోవడం కనిపిస్తాయి. నడుము నొప్పి కిడ్నీ జబ్బుకు గుర్తు అని జనం అనుకుంటారు గాని, ఎక్కువ భాగం నడుము నొప్పులు ఎముకలకు, కండరాలకు సంబంధించినవే.

ఉద్దానం చెప్పే పాఠం

దేశంలో ఎక్కువమందికి ఈ జబ్బు మధుమేహం వల్ల, రక్తపోటు వల్ల వస్తున్నది. మూత్రనాళాలలో రాళ్ళు, పుట్టుకతో వచ్చే లోపాలు, మూత్రపిండాల వాపు, వంశపారంపర్యంగా వచ్చే నీటితిత్తుల జబ్బు ఇతర కారణాలు. కాని శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతం కథ వేరు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాలలో కొబ్బరి, జీడి తోటల మధ్య బతికే కష్టజీవులకు చక్కెర జబ్బు లేకుండానే, రక్తపోటు లేకుండానే మూత్రపిండాలు పాడవుతున్నాయి. ఒడిశా సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ ప్రాంతపు కుటుంబాలకు గంజాం, గజపతి జిల్లాలలో బంధుత్వాలు, రాకపోకలు ఉన్నాయి. శ్రీలంక ఉత్తర మధ్య రాష్ట్రంలోను, మధ్య అమెరికాలోని చెరకు కూలీలలోను ఇటువంటి జబ్బే కనిపించింది.

కారణం ఏమిటన్న దానిపై ఎన్నో పరిశోధనలు జరిగాయి. తాగునీటిలోని పదార్థాలు, పురుగుమందులు, ఎండలో నీళ్ళు లేకుండా చేసే పని, నొప్పి మందులు, వంశ లక్షణాలు – ఇలా అనేకం పరిశీలించారు. ఇదే కారణమని ఏ ఒక్కదానినీ ఇంతవరకు రుజువు చేయలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ప్రత్యేక వైద్యశాల, కిడ్నీ పరిశోధన కేంద్రం, దానితోపాటు హిరమండలం జలాశయం నుంచి ఉద్దానానికి తాగునీరు తెచ్చే పథకం ప్రారంభమయ్యాయి.

ఉద్దానం తరహా జబ్బులో మూత్రంలో ప్రోటీను చాలాకాలం వరకు కనిపించకపోవచ్చు. రక్తపోటు కూడా మామూలుగానే ఉండవచ్చు. కాబట్టి మూత్ర పరీక్ష బాగుంది, బీపీ బాగుంది అని నిశ్చింతగా ఉండడానికి వీలు లేదు. ఆ ప్రాంతంతో సంబంధం ఉన్నవారు, ఇంట్లో ఒకరికి జబ్బు ఉన్నవారు ఏడాదికి ఒకసారి రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించుకోవడం మంచిది. ఇది అంటువ్యాధి కాదు. కంచం, మంచం వేరు చేయవలసిన పని లేదు. ఆ ఊళ్ళ పిల్లలకు సంబంధాలు వెనుకకు పోతున్నాయన్న మాట వినవలసి రావడం బాధాకరం.

ఏ పరీక్షలు, ఎంతకాలానికి ఒకసారి?

మధ్య దశ అని తేలిన తరువాత ఈ క్రింది పరీక్షలు అవసరం.

1. రక్తంలో క్రియాటినిన్, ఇ.జి.ఎఫ్.ఆర్., పొటాషియం.
2. మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ల నిష్పత్తి. ఇది 30కన్నా తక్కువ ఉంటే మంచిది. 30 నుంచి 300 వరకు మధ్యస్థం. 300 దాటితే జబ్బు వేగంగా ముదిరే అవకాశం ఎక్కువ.
3. మామూలు మూత్ర పరీక్ష – రక్తకణాలు, చీము ఉన్నాయేమో చూడడానికి.
4. కడుపు స్కానింగు – మూత్రపిండాల పరిమాణం, రాళ్ళు, అడ్డంకులు తెలుసుకోవడానికి.
5. రక్తంలో చక్కెర, మూడు నెలల సగటు చక్కెర, హిమోగ్లోబిన్, కొలెస్టరాల్.
6. 3బి దశలో కాల్షియం, ఫాస్ఫరస్, బైకార్బొనేట్ కూడా.

3ఎ దశలో ఉండి మూత్రంలో ప్రోటీను పోకుండా ఉంటే ఏడాదికి ఒకసారి క్రియాటినిన్ చూస్తే చాలు. 3బి దశవారు, ప్రోటీను పోతున్నవారు ఏడాదికి రెండు మూడుసార్లు చూపించుకోవాలి. వీలైనంతవరకు ఒకే ప్రయోగశాలలో చేయించుకుంటే అంకెలను పోల్చడం తేలిక. ప్రతి నెలా పరీక్ష చేయించి, 1.6 కాస్త 1.7 అయిందని కుంగిపోవడం అనవసరం. అంత తేడా మామూలుగానే రావచ్చు. చూడవలసినది ఏడాది పొడవునా అంకెల నడక.

పనిచేసే మందులు

పోయిన మూత్రపిండాల శక్తిని తిరిగి తెచ్చే మందు లేదు. ఉన్న శక్తిని నిలుపుకొనే మందులు మాత్రం ఉన్నాయి. ఈ మాటను ఇంటిల్లిపాదీ గ్రహించాలి. 'పూర్తిగా నయం చేస్తాము' అని ఎవరైనా అన్నారంటే అక్కడి నుంచి లేచి రావడమే మేలు.

మొదటిది రక్తపోటు అదుపు. చాలామందికి 130/80 లోపు ఉంచాలన్నది లక్ష్యం. వృద్ధులకు, తల తిరిగేవారికి వైద్యుడు వేరే లక్ష్యం చెప్పవచ్చు. మూత్రంలో ప్రోటీను పోతున్నవారికి రామిప్రిల్, ఎనలాప్రిల్, లోసార్టాన్, టెల్మిసార్టాన్ వంటి మందులలో ఒకటి ఇస్తారు. ఇవి బీపీని తగ్గించడమే కాక వడపోత తిత్తులపై ఒత్తిడిని కూడా తగ్గిస్తాయి. వీటిని మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాలలో క్రియాటినిన్, పొటాషియం మళ్ళీ చూడాలి. క్రియాటినిన్ 30 శాతం వరకు పెరగడం అంగీకరించదగినదే. "ఈ మందు వల్లనే కిడ్నీ పాడైంది" అని సొంతంగా మానేయకూడదు.

రెండవది డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అన్న మందులు. ఇవి మొదట మధుమేహానికి వచ్చాయి. 2020లో వెలువడిన పెద్ద పరిశోధన, ఆ తరువాతివి మరికొన్ని, మధుమేహం లేనివారిలో కూడా ఇవి మూత్రపిండాల క్షీణతను మందగింపజేస్తాయని నిరూపించాయి. మన దేశంలో ఇప్పుడు వీటికి చవక రకాలు దొరుకుతున్నాయి. అందరికీ సరిపడవు. కాని "నాకు ఇవి పనికివస్తాయా?" అని అడగడం రోగి హక్కు. వీటిని వాడేవారు మర్మావయవాల శుభ్రత పాటించాలి. ఉపవాసాలు ఉండే ముందు వైద్యుని అడగాలి.

మూడవది గుండె రక్షణ. మధ్య దశలోని చాలామంది డయాలసిస్ వరకు వెళ్ళరు. వారికి అంతకన్నా పెద్ద ముప్పు గుండెపోటు, పక్షవాతం. అందువల్లనే కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందు ఇస్తారు. పొగాకు, చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా ఏ రూపంలో ఉన్నా మానివేయాలి. మధుమేహం ఉన్నవారి మందుల మోతాదును ఇ.జి.ఎఫ్.ఆర్.ను బట్టి మార్చవలసి ఉంటుంది. ముఖ్యంగా మెట్‌ఫార్మిన్‌ను 45కన్నా తగ్గినప్పుడు తగ్గించి, 30కన్నా తగ్గితే ఆపుతారు.

దూరంగా ఉంచవలసినవి

పల్లెలలో మూత్రపిండాలకు నిత్యం హాని చేసేది ఒళ్ళు నొప్పుల సూది. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, నాప్రోక్సెన్ వంటివి ఈ జాతి మందులు. కొబ్బరితోటలో పనిచేసే మా బంధువు ఒకరు నడుము నొప్పికి వారం వారం ఒక సూది వేయించుకునేవారు. "సూది పడితేగాని చెట్టు ఎక్కలేను" అనేవారు. క్రియాటినిన్ 1.9 అని తెలిసిన తరువాత కూడా, ఆ సూదికీ ఈ అంకెకూ సంబంధం ఉండవచ్చునని ఎవరూ ఆయనకు చెప్పలేదు. ఆరు నెలల తరువాత నిపుణుడు అడిగిన మొదటి ప్రశ్న "నొప్పికి ఏమి వాడుతున్నావు?" అన్నదే. ఆ ఆరు నెలలు మాకు ఎంత విలువైనవో తరువాత తెలిసింది.

నొప్పికి, జ్వరానికి తగిన మోతాదులో పారసిటమాల్ వాడవచ్చు. మందుల దుకాణంలో గాని, ఊరి వైద్యుని దగ్గర గాని నోరు తెరవగానే "నాకు కిడ్నీ జబ్బు ఉంది" అని చెప్పడం అలవాటు చేసుకోవాలి.

నాటుమందుల విషయంలోనూ జాగ్రత్త అవసరం. పాదరసం, సీసం కలిసిన భస్మాలు మూత్రపిండాలకు హాని చేస్తాయి. ఈశ్వరి వేరు, గాడిదగడపాకు జాతి మొక్కలలో ఉండే ఆమ్లం మూత్రపిండాలను శాశ్వతంగా పాడుచేస్తుందని, మూత్రనాళాల క్యాన్సరుకు కూడా దారితీస్తుందని శాస్త్రం నిర్ధారించింది. స్టార్ ఫ్రూట్, బిలింబి కాయల రసం తాగడం కూడా ప్రమాదకరమే. పసరు ఏమిటో, పొడిలో ఏముందో తెలియనప్పుడు వాడకపోవడమే మంచిది.

రంగుమందు ఎక్కించి తీసే సి.టి. స్కానుకు ముందు, గుండె రక్తనాళాల పరీక్షకు ముందు ఇ.జి.ఎఫ్.ఆర్. సంగతి చెప్పి తీరాలి.

ఆహారం: ఉప్పు మొదట

మధ్య దశలో "అది తినకు, ఇది తినకు" అని చుట్టుపక్కలవారు ఇచ్చే జాబితాకు అంతు ఉండదు. పప్పు మాన్పించి, పండు మాన్పించి, చివరికి మనిషిని నీరసింపజేస్తారు. నిజంగా అందరూ తగ్గించవలసినది ఉప్పు. రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించరాదు. కూరలో వేసినది, మజ్జిగలో కలిపినది, పచ్చడిలోది, చిరుతిండిలోది అన్నీ కలిపి ఈ లెక్క. ఆవకాయ, ఊరమిరపకాయలు, అప్పడాలు, వడియాలు, ఎండుచేపలు, దుకాణంలో కొన్న మిక్చరు – ఇవి మన ఇళ్ళలో ఉప్పు చాటుగా వచ్చే దారులు. సోడియం తక్కువ అని అమ్మే ప్రత్యేకపు ఉప్పులో పొటాషియం ఉంటుంది. వైద్యుడు చెప్పనిదే దానిని వాడకూడదు.

మాంసకృత్తులు మానవలసిన పని లేదు. మితిమీరకుండా ఉంటే చాలు. కిలో బరువుకు రోజుకు 0.8 గ్రాము అని లెక్క. 60 కిలోల మనిషికి సుమారు 48 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, ఒక గ్లాసు పాలలో 6 లేక 7 గ్రాములు, 100 గ్రాముల చేపలో దాదాపు 20 గ్రాములు ఉంటాయి. అన్నంలోను, పప్పులోను కూడా కొంత వస్తుంది. బలానికని వైద్యుని అడగకుండా ప్రోటీను పొడులు తాగవద్దు.

పొటాషియం గురించి ఒక మాట. రక్తంలో పొటాషియం మామూలుగా ఉన్నవారు పండ్లు, కూరలు మానవలసిన అవసరం లేదు. ఎక్కువగా ఉన్నవారు మాత్రం కొబ్బరినీళ్ళు, అరటిపండు, చింతపండు పులుసు, బంగాళదుంప, పండ్ల రసాలు తగ్గించాలి. ఒక గ్లాసు కొబ్బరినీళ్ళలో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. "కిడ్నీకి చలవ" అని రోజుకు నాలుగు బొండాలు తాగించడం కొబ్బరి సీమలో మామూలు. పొటాషియం పెరిగినవారికి అది గుండెకు ప్రాణాంతకం కావచ్చు. దుంపలను, కూరముక్కలను చిన్నగా తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి వండుకుంటే పొటాషియం కొంత తగ్గుతుంది.

నీళ్ళు, ఎండ, జ్వరపు రోజులు

"కిడ్నీ జబ్బుకు ఎంత ఎక్కువ నీళ్ళు తాగితే అంత మంచిది" అన్నది ఒక అపోహ, "నీళ్ళు తగ్గించాలి" అన్నది మరొకటి. వాపు, ఆయాసం లేని మధ్య దశ రోగికి సాధారణంగా నీటిపై ఆంక్ష ఉండదు. దాహం తీరేంత, మూత్రం లేత పసుపు రంగులో ఉండేంత తాగాలి. పొలాల్లో, తోటల్లో, ఇటుకబట్టీల్లో పనిచేసేవారు నీళ్ళు వెంట తీసుకువెళ్ళి దాహం కోసం ఎదురుచూడకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. మండే ఎండ వేళ నీడలో విశ్రాంతి తీసుకోవాలి.

వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజున మరింత జాగ్రత్త అవసరం. బీపీ మాత్రలలో కొన్ని, మూత్రం ఎక్కువగా వచ్చే మాత్రలు, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ వంటివి ఆ రోజుల్లో తాత్కాలికంగా ఆపవలసి రావచ్చు. ఏవి ఆపాలి, మళ్ళీ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది ఒంట్లో బాగున్నప్పుడే వైద్యుని అడిగి కాగితంపై రాయించుకోవాలి.

నిపుణుని ఎప్పుడు కలవాలి?

మధ్య దశలోని ప్రతి ఒక్కరికీ నెఫ్రాలజిస్టు అవసరం లేదు. నిలకడగా ఉన్న 3ఎ దశవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యుడో, ఫిజీషియనో చూడవచ్చు. ఈ క్రింది వాటిలో ఏది ఉన్నా నిపుణుని తప్పక కలవాలి.

– ఇ.జి.ఎఫ్.ఆర్. 30కన్నా తగ్గడం.
– ఏడాదిలో 5 అంకెలకు మించి పడిపోవడం, లేదా ఉన్నట్టుండి బాగా తగ్గడం.
– మూత్రంలో ఆల్బుమిన్ నిష్పత్తి 300 దాటడం.
– మూత్రంలో రక్తం మళ్ళీ మళ్ళీ కనిపించడం.
– నాలుగు రకాల మందులు వాడినా బీపీ తగ్గకపోవడం.
– పొటాషియం పదేపదే పెరగడం.
– రాళ్ళు తిరిగి తిరిగి రావడం, వంశంలో మూత్రపిండాల జబ్బు ఉండడం.
– కారణం తెలియని జబ్బు, చిన్న వయసులో వచ్చిన జబ్బు.
– గర్భం ధరించాలనుకునే స్త్రీకి ఈ జబ్బు ఉండడం.

మూత్రం బాగా తగ్గిపోవడం, పడుకుంటే ఆయాసం రావడం, ఆగని వాంతులు, తీవ్రమైన కండరాల బలహీనత, గుండె దడ, మగత – ఇవి కనిపిస్తే తేదీ కోసం చూడకుండా వెంటనే పెద్దాసుపత్రికి తీసుకువెళ్ళాలి.

ఎక్కడికి వెళ్ళాలి?

గంజాం, గజపతి జిల్లాలవారికి బరంపురం ఎం.కె.సి.జి. వైద్యకళాశాల ఆసుపత్రి, ఇటు పలాస కిడ్నీ వైద్యశాల దగ్గరివి. హౌరా – చెన్నై రైలుమార్గం ఈ రెంటినీ కలుపుతుంది. పై స్థాయిలో భువనేశ్వర్ ఎయిమ్స్, కటక్ ఎస్.సి.బి. వైద్యకళాశాల, విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. కర్ణాటక తెలుగువారికి బెంగళూరు విక్టోరియా ఆసుపత్రి ఆవరణలోని నెఫ్రో–యూరాలజీ సంస్థ ఈ ఒక్క అవయవానికే అంకితమైన ప్రభుత్వ సంస్థ. తమిళనాడు ఉత్తర జిల్లాలవారికి వేలూరు సి.ఎం.సి., చెన్నై రాజీవ్‌గాంధీ ప్రభుత్వ ఆసుపత్రి, తిరుపతి స్విమ్స్ అందుబాటులో ఉంటాయి. సిరోంచ, చంద్రపూర్, నాందేడ్ వైపువారు నాగపూర్‌కు గాని, హైదరాబాదు నిమ్స్‌కు గాని వెళుతుంటారు. యానాంవారికి పుదుచ్చేరి జిప్మర్ వందల కిలోమీటర్ల దూరం. కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రి పొరుగునే ఉంది.

ఆసుపత్రి పేరు కన్నా, ఏడాదికి రెండుసార్లు ఇబ్బంది లేకుండా వెళ్ళిరాగల చోటు ముఖ్యం. ఒక్కసారి అప్పుచేసి మహానగరానికి వెళ్ళి, మళ్ళీ వెళ్ళలేక మందులు మానేసినవారికన్నా, దగ్గరి ఆసుపత్రికి క్రమం తప్పకుండా వెళ్ళినవారే బాగుంటారు. ముందుగా ఆసుపత్రికి తెలిసినవారి ద్వారా మూత్రపిండాల విభాగపు ఓ.పి. ఏ వారాలలో ఉంటుందో కనుక్కుని బయలుదేరాలి. కేంద్ర ప్రభుత్వపు ఈ–సంజీవని సేవ ద్వారా ఆరోగ్య కేంద్రం నుంచే దూరపు వైద్యునితో మాట్లాడే వీలు కూడా ఉంది.

కార్డులు, ఖర్చులు

2018 సెప్టెంబరులో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకం కింద అర్హత ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరి పొందే చికిత్స ఉచితం. పథకంలో చేరిన ఏ రాష్ట్రంలోనైనా, గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో కార్డు చెల్లుతుంది. ఒడిశా 2025లో ఈ పథకంలో చేరడం సరిహద్దు కుటుంబాలకు మేలు చేసింది. 70 ఏళ్ళు నిండినవారికి 2024 అక్టోబరు నుంచి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సౌకర్యం లభిస్తున్నది. అయితే కేవలం రాష్ట్ర ప్రభుత్వపు పథకం కార్డు సరిహద్దు దాటితే చెల్లుతుందన్న నమ్మకం పెట్టుకోరాదు. బయలుదేరే ముందే ఆ ఆసుపత్రి సహాయ కేంద్రంలో విచారించాలి. ఆధార్‌లో, రేషన్ కార్డులో పేరు అక్షరాలు రెండు భాషలలో రెండు తీరులుగా ఉంటే ముందే సరిచేయించుకోవాలి.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మధ్య దశ రోగి ఆసుపత్రిలో చేరడు. అతని ఖర్చంతా పరీక్షలకు, నెలనెలా మందులకు అవుతుంది. దానికి ఆయుష్మాన్ కార్డు పనికిరాదు. ప్రభుత్వ ఆసుపత్రి ఓ.పి., ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే బీపీ, చక్కెర మందులు, జన్ ఔషధి దుకాణాలు – ఇవే ఆధారం. మందును కంపెనీ పేరుతో కాక అసలు పేరుతో రాయమని అడిగితే ఏ రాష్ట్రంలోనైనా చవకగా కొనుక్కోవచ్చు.

ఒక సంచి, ఒక నోటు పుస్తకం

నేను పైన చెప్పిన బంధువు మూడు ఊళ్ళలో ముగ్గురు వైద్యులకు చూపించుకున్నారు. ఎక్కడికి వెళ్ళినా పాత కాగితాలు లేక పరీక్షలన్నీ మొదటి నుంచి చేయించవలసి వచ్చింది. డబ్బు పోవడం ఒక ఎత్తు. అంకెల నడక తెలియక జబ్బు పెరుగుతున్నదో, నిలిచి ఉన్నదో ఎవరూ చెప్పలేకపోవడం మరొక ఎత్తు. అందువల్ల రిపోర్టులన్నీ తేదీల వరుసలో ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టండి. ఒక నోటు పుస్తకంలో గీతలు గీసి తేదీ, క్రియాటినిన్, ఇ.జి.ఎఫ్.ఆర్., పొటాషియం, బీపీ, బరువు రాయండి. ఈ పనిని ఇంట్లో చదువుకుంటున్న పిల్లవానికో, పిల్లకో అప్పగించవచ్చు. ఆసుపత్రి నుంచి వచ్చేటప్పుడు సారాంశ పత్రం ఇంగ్లీషులో ఉండేలా అడిగి తీసుకోండి. సరిహద్దు దాటినా అది ఉపయోగపడుతుంది.

వైద్యునికి స్థానిక భాషలో చెప్పవలసి వస్తే ఈ మాటలు ఉపకరిస్తాయి. వాపును కన్నడంలో 'ఊత', తమిళంలో 'వీక్కం', ఒడియాలో 'ఫులా', మరాఠీలో 'సూజ్' అంటారు. నురగను కన్నడంలో 'నొరె', తమిళంలో 'నురై', ఒడియాలో 'ఫేణ', మరాఠీలో 'ఫేస్' అంటారు. మూత్రం కన్నడంలో 'మూత్ర', తమిళంలో 'సిఱునీర్', ఒడియాలో 'పరిస్రా', మరాఠీలో 'లఘవీ'. అడగదలచిన ప్రశ్నలను నాలుగింటిని ముందే రాసుకోండి: నా దశ ఏమిటి? కారణం ఏమిటి? ఏ మందులు మానాలి? మళ్ళీ ఎప్పుడు రావాలి?

ఇంట్లోవారికి ఒక మాట

రోగి ఎదుట డయాలసిస్ కథలు చెప్పకండి. మనిషిని పనికిరానివాడని మూలన కూర్చోబెట్టకండి. మధ్య దశలో ఉన్నవారు పొలం పని, బడి పని, ఇంటి పని చేసుకోవచ్చు. రోజూ అరగంట నడవడం మేలు కూడా చేస్తుంది. కామెర్ల బి రకానికి, ఫ్లూకు, న్యుమోనియాకు టీకాల గురించి వైద్యుని అడగండి. ఉప్పు తగ్గించే నియమం రోగికి ఒక్కరికే కాక ఇంటిల్లిపాదికీ పెట్టండి. వేరే గిన్నెలో చప్పిడి కూర వండిపెడితే నాలుగు రోజులే సాగుతుంది. అందరూ అదే తింటే ఏళ్ళ తరబడి సాగుతుంది.

సూరులో దోపిన చీటీ ఏదైనా మీ ఇంట్లో ఉంటే ఈ రోజే బయటకు తీయండి. దాని మీది తేదీ, అంకె నోటు పుస్తకంలో మొదటి వరుసగా రాయండి. రెండవ వరుస నింపడానికి దగ్గరి ఆరోగ్య కేంద్రానికి బయలుదేరండి.